పదో పిల్ల

మడకశిర బస్టాండులో పల్లెవెలుగు బస్సు ఇంజను ఆపకుండానే నిలబడి ఉంది. మీరు ఎక్కి కిటికీ పక్కన కూర్చునేసరికి ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు వక్కల ధర గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకామె తెలుగులో అడుగుతోంది, రెండో ఆమె కన్నడలో జవాబిస్తోంది. మధ్యలో ఎవరూ తర్జుమా చెయ్యక్కర్లేదు. కండక్టరు వచ్చి ఆధార్ కార్డులు చూసి ఇద్దరికీ సున్నా టికెట్లు కొట్టాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకు ఈ బస్సులో ఛార్జీ లేదు. వెనక సీట్లో చంటిబిడ్డతో ఉన్న అమ్మాయి కూడా కార్డు తీసింది. అత్తగారిది శిర, పుట్టింటికి వస్తోంది.

"ఇది కర్ణాటక కార్డమ్మా. దుడ్డియ్యాల."

దుడ్డు అనే మాట ఆ అమ్మాయికీ తెలుసు, కండక్టరుకీ తెలుసు. ఆ మాటకు సరిహద్దు లేదు. టికెట్టుకు ఉంది.

గుడిబండ దాటాక ఎర్రనేల మీద వక్క తోటలు, బోరుబావులు, మల్బరీ చేలు. ఇది ఆంధ్రప్రదేశ్ కర్ణాటకలోకి వేలు పెట్టి చూపినట్టుండే నేల. మూడు పక్కలా కర్ణాటకే. 1956 నవంబరు 1న భాషను బట్టి రాష్ట్రాలను విడదీసినప్పుడు మనుషులు గీతకు ఇటు తెలుగు, అటు కన్నడ అని సర్దుకుని కూర్చోలేదు. అమరాపురం, రొళ్ల, అగళి పల్లెల్లో కన్నడం మాట్లాడే ఇళ్లు ఆంధ్రలో మిగిలాయి. తూర్పున పావగడ తాలూకాలో తెలుగు మాట్లాడే ఇళ్లు కర్ణాటకలో మిగిలాయి. ఇక్కడి పిల్లకు బడిలో ఏ కష్టముందో, పావగడ పిల్లకు అద్దంలో తిరగేసినట్టు అదే కష్టం.

అమరాపురంలో దిగి, అక్కడి నుంచి షేరు ఆటోలో ఇంకో పల్లెకు పోతారు మీరు. పల్లె పేరు చెప్పను. సరిహద్దు వెంబడి ఉండే బడుల ముక్కలు కలిపి కుట్టిన బడి ఇది. మండలంలో ఏ బడికి పోయినా ఇందులో కొంత కనబడుతుంది, అంతా ఒకేచోట కనబడదు.

ప్రార్థన అయిపోయింది. ఒకటో తరగతి గది చివర, గోడకు ఆనుకుని కూర్చోండి. పదిహేడు మంది పిల్లలు. బడి తెరిచి వారమే అయింది కాబట్టి కొత్త బట్టల గంజి వాసన ఇంకా పోలేదు. బల్ల మీద కొత్త పుస్తకం తెరిచి ఉంది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న పిల్ల ముందు ఈ పేజీ చూసింది, తర్వాత ఆ పేజీ చూసింది, ఆ తర్వాత కిటికీలోంచి బయటికి చూసింది.

సారు బోర్డు మీద గ్లాసు బొమ్మ వేసి, దాన్ని తెల్ల సుద్దముక్కతో నింపాడు.

"ఇదేమిరా?"

"పాలు!" అని ముందు వరుస.

"హాలు," అంది ఎర్ర రిబ్బన్ల పిల్ల. గొంతు గట్టిదే.

సారు తల ఆడించాడు, అడ్డంగా. "హాలు గాదు పాపా, పాలు." తర్వాత పులి బొమ్మ వేశాడు. ఆ పిల్ల "హులి" అంది. పువ్వు వేస్తే "హూవు" అంది. మూడోసారి ముందు వరుస నవ్వింది. నాలుగో బొమ్మ పాము. ఆ పిల్లకు పాము తెలుసు. తోటలో రెండు మూడు సార్లు చూసే ఉంటుంది. అయినా ఈసారి నోరు విప్పలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ సారు చెడ్డవాడు కాదు. కొట్టలేదు, తిట్టలేదు, పేరు పెట్టి వెక్కిరించలేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననీ మానసిక వేధింపునీ నిషేధించింది. ఆయన దాన్ని దాటలేదు. ఆ పిల్ల నాలుగు జవాబుల్లో మూడు సరిగ్గానే చెప్పింది. మూడూ తప్పయ్యాయి. నాలుగోదాని దగ్గర చెప్పడమే మానేసింది. వివక్ష అనగానే మనం గద్దింపు కోసం, తోసివేత కోసం వెతుకుతాం. ఇక్కడ చప్పుడే లేదు.

ఇంకో మాట, కొంచెం పక్కకు పోయి చెబుతాను. ఇదే మండలంలో హేమావతి ఉంది. ఒకనాటి హెంజేరు, నొలంబ పల్లవుల రాజధాని. ఆ కాలపు కన్నడంలో హాలు 'పాలే', హులి 'పులే'. 'ప' పోయి 'హ' రావడం ఆ తర్వాతి శతాబ్దాల్లో కన్నడం నోట జరిగిన మార్పు. వెయ్యేళ్ల నాడైతే ఈ పిల్లా, ముందు వరుసా ఒకే జవాబు చెప్పి ఉండేవారు.

నీళ్ల గంటకు ముందే ఆ పిల్ల లేచి నిలబడింది.

"సార్, నీరు కుడియక్కె హోగ్లా?"

"తెలుగులో అడుగు."

పిల్ల పెదవులు కదిలాయి. మాట రాలేదు. కూర్చుంది. పక్కనున్న పిల్లవాడు లేచి, "నీళ్లు తాగేదానికి పోవాలంట సార్" అని ఆమె తరఫున చెప్పాడు. సారు సరేనన్నాడు. ఆరేళ్ల పిల్లకు దాహం తీరడానికి ఆరేళ్ల వకీలు కావలసి వచ్చాడు.

హెడ్మాస్టరు గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. ఆయన మిమ్మల్ని కూర్చోమన్నాడు. గోడకు గాంధీ, అంబేడ్కర్, సర్వేపల్లి ఫొటోలు. వాటి కింద బడి యాజమాన్య కమిటీ సభ్యుల పట్టిక. చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. పట్టికలో ఆడవాళ్ల పేర్లు సరిగ్గా సగమున్నాయి. మీటింగుకు ఎవరొస్తారని మీరు అడిగితే ఆయన నవ్వి ఊరుకుంటాడు.

"ఒకటో తరగతిలో ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లు ఎందరు సార్?"

ఆయన కంప్యూటర్ వైపు తిరిగి పిల్లల వివరాల పట్టిక తెరిచాడు. యూడైస్ అని పిలిచే దేశవ్యాప్త నమోదు అది. పిల్ల పేరు, తల్లి పేరు, కులం, వైకల్యం ఉందా లేదా, ఆపైన ఒక గడి, మాతృభాష. పై నుంచి కిందికి పదిహేడు వరుసలు. తెలుగు, తెలుగు, తెలుగు.

"పోయినేడు ఎట్ల కొట్టినామో ఈయేడూ అట్లే కొట్టినాం," అన్నాడాయన, దాచుకోకుండా. "అన్నింటికీ ఒకటే పెడితే బిరీన అయిపోతాది గదా. రాత్రి పది దాటినాంక గానీ సర్వర్ పనిచేయదు."

ఆ గడి ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే 1949కి పోవాలి. ఆ ఏడు ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై ఒక లెక్కకు ఒప్పుకున్నారు. ఏ బడిలోనైనా ప్రాంతీయ భాష కాని మాతృభాష గల పిల్లలు మొత్తం 40 మంది ఉంటే, లేదా ఒక తరగతిలో 10 మంది ఉంటే, వాళ్ల భాషలో చెప్పేందుకు కనీసం ఒక టీచరును వెయ్యాలి. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలోకి 350ఏ అధికరణం వచ్చింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సదుపాయం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని దాని సారం. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా సాధ్యమైనంత మేరకు బోధన పిల్ల మాతృభాషలో ఉండాలంటుంది.

ఈ రాష్ట్రం ఆ మాటను గాలికి వదిలేసిందని చెప్పలేం. కన్నడ మాధ్యమం బడులు ఈ సరిహద్దు మండలాల్లో ఉన్నాయి. పదో తరగతి పరీక్ష కన్నడంలో రాయవచ్చు. 2019 నవంబరులో ఇంగ్లీషు మాధ్యమాన్నే తప్పనిసరి చేస్తూ వచ్చిన 81, 85 నంబరు జీవోలను 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది. ఆ కేసును అందరూ తెలుగు కోసం జరిగిన పోరాటంగానే గుర్తు పెట్టుకున్నారు. ఆ జీవోలు నిలిచి ఉంటే కన్నడ పిల్లలకు పోయేదేమిటో పత్రికల్లో పెద్దగా రాలేదు.

"సరే, మీకు తెలిసినంతలో చెప్పండి, నిజంగా ఎందరు?"

ఆయన వేళ్లు మడిచాడు. ఒక్కొక్క ఇంటి పేరు చెబుతూ, పెదవుల మీదే లెక్కపెట్టాడు. "తొమ్మిది." ఆగాడు. "ఎర్ర రిబ్బన్ల పాపను ఎట్ల లెక్కేయాలో తెల్దు. నాయనది తెలుగు. అమ్మది కన్నడం."

తొమ్మిదా, పదా?

గంట కొట్టారు. అన్నం.

వరండాలో రెండు వరుసలు. అన్నం, సాంబారు, గుడ్డు. వంటామె గరిట ఎత్తి, పేరు పేరునా పిలిచి వడ్డిస్తోంది. "ఊట మాడు మగా" అని ఒకరితో, "తిను నాయనా" అని ఇంకొకరితో. బడి మొత్తంలో రెండు భాషల్లోనూ బోధించగలిగిన మనిషి ఆమె ఒక్కతే అనిపిస్తుంది మీకు. హాజరు పట్టికలో ఈ రోజు 52. మీరు ఊరికే పళ్లేలు లెక్కపెట్టారు. 49.

మిగతా ముగ్గురూ వేపచెట్టు కింద ఉన్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు డబ్బాలు. రాగిముద్ద, అనపగింజల పులుసు. ఎందుకని మీరు ఎవరినీ అడగలేదు. అడిగితే "వాళ్లకు సాంబారు పడదు" అనే జవాబొస్తుంది. వంటామె ఎస్సీ కాలనీ నుంచి వస్తుంది. ఆ మాట అక్కడెవరూ పైకి అనరు.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003 జనవరిలో మొదలుపెట్టింది. 2004 ఏప్రిల్ 20న అదే కేసులో కోర్టు ఇంకో మాట చేర్చింది. వంటవాళ్ల నియామకంలో దళితులకు, షెడ్యూల్డ్ కులాల వారికి, తెగల వారికి ప్రాధాన్యం ఇవ్వాలి. పిల్లలు పాఠం వినడం కన్నా ముందు ఆ చేతి అన్నం తిని పెరగాలని కోర్టు తలచిందేమో. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955 చట్టం దానికి శిక్ష వేసింది. ఇంటి డబ్బా తెచ్చుకోవడానికి మాత్రం ఏ చట్టంలోనూ శిక్ష లేదు, ఉండనూ కూడదు. అందుకే ఆ మూడు పళ్లేల వెలితి ఏ రిజిస్టరుకూ ఎక్కదు.

హెడ్మాస్టరు తన పళ్లెంలో అన్నం పెట్టించుకుని పోయి వేపచెట్టు కింద ఆ ముగ్గురి పక్కనే కూర్చున్నాడు. ఉపన్యాసం ఏమీ చెప్పలేదు. "మీ అమ్మ పులుసు బాగుందే" అని ఒకడి డబ్బాలోంచి కాస్త వేయించుకున్నాడు. తన పళ్లెంలోని గుడ్డు సగం తుంచి వాడికిచ్చాడు. వాడు వరండా వైపు ఒకసారి చూసి, నోట్లో వేసుకున్నాడు.

మధ్యాహ్నం మొదటి పీరియడు. పిల్లలకు కునుకు, మీకూ కునుకే. ఆ మగతలో ఒక పాత కేసు గుర్తుకొస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో చైనా కుటుంబాల పిల్లలు దాదాపు 2,800 మందికి ఇంగ్లీషు రాదు. వాళ్లలో వెయ్యి మందికే విడిగా భాష నేర్పించారు. మిగిలిన 1,800 మందీ అందరితో పాటు అదే గదిలో, అదే పుస్తకం ముందు కూర్చున్నారు. బడివాళ్ల వాదన ఒకటే. మేం ఎవరినీ తోసెయ్యలేదు, అందరికీ ఒకటే ఇచ్చాం. లౌ వర్సెస్ నికోల్స్ కేసులో 1974 జనవరి 21న అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ఒకే పుస్తకం, ఒకే టీచరు, ఒకే పాఠ్యప్రణాళిక ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని, పాఠం అర్థం కాని పిల్లకు చదువు మూసేసినట్టేనని తేల్చింది. 1964 పౌరహక్కుల చట్టం ఆ తీర్పుకు ఆధారం.

ఆ తీర్పును తలచుకునేవాళ్లు చాలామంది అక్కడితో ఆగిపోతారు. జస్టిస్ బ్లాక్‌మన్ విడిగా రాసిన చిన్న మాట ఉంది. తనకు ఈ కేసులో సంఖ్యే ముఖ్యమనీ, ఒక్క పిల్లో కొద్దిమందో అయ్యుంటే ఈ తీర్పు వర్తిస్తుందని అనుకోననీ దాని భావం. అక్కడ 1,800, ఇక్కడ 10. లెక్క పెద్దదో చిన్నదో, రెండు దేశాలూ తలలు లెక్కపెట్టాకే తలుపు తీశాయి.

టీచరు జీతం, గది, పుస్తకం ముద్రణ, వీటన్నింటికీ లెక్క కావాల్సిందే. దాంతో నాకు పేచీ లేదు. వివక్షకు లెక్క లేదు, అదీ నా పేచీ. రాజ్యాంగం 29వ అధికరణం రెండో క్లాజు ప్రభుత్వ బడిలో చేర్చుకునేటప్పుడు భాష పేరుతో ఎవరినీ కాదనకూడదంటుంది. 'ఎవరినీ' అంటే ఒక్కరినైనా. విద్యాహక్కు చట్టం ఇంకా లోపలికి వచ్చింది. గుమ్మం దాటించి వదిలెయ్యలేదు. బలహీన, అననుకూల వర్గాల పిల్లలు ఏ కారణం చేతనైనా వివక్షకు గురై చదువు మధ్యలో ఆపెయ్యకుండా చూసే బాధ్యతను 8వ సెక్షన్ ప్రభుత్వం మీద, 9వ సెక్షన్ స్థానిక సంస్థ మీద పెట్టాయి. అననుకూల వర్గం అంటే ఏమిటో 2వ సెక్షన్ చెబుతుంది. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులతో పాటు, సామాజికంగా, ఆర్థికంగా, భౌగోళికంగా, భాషాపరంగా వెనకబడినవాళ్లను కూడా ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి చేర్చవచ్చు. భాష అనే మాట అందులో ఉంది. తొమ్మిది మందే ఉంటే టీచరు పోస్టు రాకపోవచ్చు. తొమ్మిదో పిల్లనైనా, ఒక్క పిల్లనైనా, "హాలు" అన్నందుకు మూగదాన్ని చెయ్యడానికి మాత్రం ఎవరికీ అనుమతి లేదు.

పాలు, హాలు రెండూ బోర్డు మీద పక్కపక్కన రాయడానికి జీవో అక్కర్లేదు. ఒక సుద్దముక్క చాలు. తెలుగు నేర్పొద్దని ఎవరూ అనడం లేదు. తప్పకుండా నేర్పాలి. రాష్ట్ర భాషను అల్పసంఖ్యాకుల బడుల్లో తప్పనిసరిగా నేర్పించవచ్చని 2004లో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పిల్ల పెద్దదై ఆటోకైనా, ఆఫీసుకైనా, అనంతపురం కాలేజీకైనా తెలుగుతోనే పోవాలి. పేచీ ఆ తెలుగు దగ్గరికి ఏ దారిన తీసుకుపోతున్నామన్న దాని మీదే.

నాలుగు గంటలకు ఆ పిల్ల తల్లి వచ్చింది. చీర కొంగుకు మల్బరీ ఆకు అంటుకుని ఉంది. హెడ్మాస్టరు పిలిచి కూర్చోబెట్టాడు.

"ఏమ్మా, పాప మాతృభాష ఏమని రాయాల?"

ఆమె వింతగా చూసింది. "నాయనది తెలుగు గదా సారూ. అట్లే రాయండి."

"ఇంట్లో నీతో ఏం మాట్లాడతాది?"

"నాతో కన్నడ. అవ్వతో కన్నడ. వాళ్ల నాయన ఇంటికొచ్చేది రాత్రికి గదా."

"నిద్దట్లో?"

ఆమె నవ్వింది. "కన్నడనే."

ఈ చిక్కు ఇప్పటికే తేలింది. తేల్చింది కూడా పక్క రాష్ట్రపు కేసే. ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా మాతృభాషలోనే చెప్పాలని కర్ణాటక పట్టుబడితే ఇంగ్లీషు మాధ్యమం బడులు కోర్టుకెక్కాయి. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. పిల్ల మాతృభాష ఏదో నిర్ణయించేది ప్రభుత్వం కాదు, తల్లిదండ్రులు. ఏ భాషలో చదివించాలో ఎంచుకునే హక్కు కూడా వాళ్లదే. తీర్పులో రెండో సగం కన్నడ అభిమానులకు చేదుగా తగిలింది. మొదటి సగం ఈ గదిలో ఈ సాయంత్రం పనికొస్తోంది.

హెడ్మాస్టరు మౌస్ కదిపాడు. తెలుగు అని ఉన్న గడి నొక్కితే భాషల జాబితా కిందికి జారింది. కన్నడ దగ్గర ఆగాడు. తల్లి మొహం చూశాడు. ఆమె తల ఊపింది. ఆ తర్వాత మిగతా తొమ్మిది వరుసల మీదికీ పోయాడు. ఆ తొమ్మిది ఇళ్లకూ పొద్దున కబురు పంపి అడిగాకే మార్చాలని, పక్కన కాగితం మీద పేర్లు రాసుకున్నాడు. "పది అయితే ఎమ్మీవో ఆఫీసుకు రాస్తా. పుట్టపర్తికి పోవాల, ఆడినుంచి ఎప్పుడొస్తాదో," అన్నాడు. అబద్ధపు ఆశ పెట్టలేదు. డీఎస్సీలో కన్నడ పోస్టు పడి, టీచరు ఎంపికై, ఈ పల్లెకు రావడం అంటే ఎన్ని ఎండాకాలాలో ఆయనకు తెలుసు.

వరండాలో ఎర్ర రిబ్బన్ల పిల్ల పలక మీద ఏదో గీస్తోంది. గ్లాసు బొమ్మ. కింద అక్షరం లేదు.

ఇది చదువుతున్న మీరు మడకశిర వైపు వాళ్లయినా, ఆదోని కన్నడిగులైనా, చిత్తూరు తమిళులైనా, కడప ఉర్దూ ఇళ్ల వాళ్లయినా, పావగడ తెలుగువాళ్లయినా, రేపు బడికి పోయినప్పుడు రెండు నిమిషాలు నిలబడి మీ పిల్ల వివరాల్లో మాతృభాష గడి చూపించమనండి. తప్పుంటే దిద్దించండి. దిద్దకపోతే రాతపూర్వకంగా ఇవ్వండి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదు మీకొచ్చిన భాషలోనే రాయండి.